లోపలికొచ్చిన సరుకు

వైరు మల్బరీ చెట్ల మధ్య దాక్కుంటూ పోయి హద్దురాయి దగ్గర బయటపడింది. రాయికి ఇవతల ఆంధ్ర, అవతల కర్ణాటక.

అశ్విని వంగి టెస్టరు పెట్టింది. వెలిగింది.

"దొరికిపోయినారు పెద్దాయనా!"

హనుమంతరాయుడు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆరు నెలల కిందట లైన్‌మన్ ఉద్యోగంలో ఈ ఊరికి వచ్చిన అశ్విని గట్టిగా మాట్లాడగా అతనెప్పుడూ వినలేదు. ఈ రోజు ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు.

రాయుడు అవతలి నుంచి కరెంటు లాగుతున్నాడని పొద్దున ఎవరో ఆఫీసుకు ఫోన్ చేశారు. పన్నెండులోగా వైరు కత్తిరించి ఫొటో పంపాలని ఏఈ హుకుం. లేకపోతే ఆమెకు మెమో.

ఇప్పుడు పదకొండున్నర. ఆమె ఫోన్ తీసింది.

"సార్, హద్దు దాటిన కరెంటుకు మన ఫారంలో గడి లేదు. ఏమని రాయాల?"

"ఏదో ఒకటి రాయమ్మా. ముందు కత్తిరించు."

ఆమె కస్టమ్స్ పరీక్షకు చదువుతోంది. ఆ పుస్తకంలో కరెంటు కూడా సరుకే. బొగ్గు, కిరసనాయిలు ఉన్న అధ్యాయంలోనే దానికీ ఒక నంబరుంది, ఇరవై ఏడు పదహారు. ఫారం అంచున ఆ నంబరు వేసి, 'లోపలికి వచ్చిన సరుకు' అని రాసింది.

రాయుడు తొంగి చూశాడు.

"కరెంటుకు సుంకమా? చెక్‌పోస్టులో యాడ ఆపుతారు పాపా? టార్పాలిన్ లేపి చూస్తారా?"

"దేశం దాటితే సుంకం. రాష్ట్రం దాటితే కేసు. నవ్వద్దు."

అతను నవ్వు ఆపేశాడు. వెనక అతని పట్టుపురుగుల షెడ్డులో కూలర్లు గురగురమంటున్నాయి. రాయికి అవతల ఇంకో షెడ్డు. అక్కడా అదే చప్పుడు.

"ఆ షెడ్డు ఎవరిది?"

"మా తమ్ముడు ఈశ్వరప్పది. భాగాల కాడ చెడింది. పదకొండేండ్లాయ మాటల్లేక."

"మాటలొద్దు గానీ కరెంటు మాత్రం ముద్దా?"

రాయుడు తల వంచుకున్నాడు.

"తప్పే తల్లీ. ఏం కేసు రాస్తావో రాసుకో, సంతకం పెడతా. రెండు దినాలు మాత్రం ఆగు. పురుగులు గూళ్లు కట్టే టైము. ఈ ఎండకు కూలరు ఆగితే మాపటికి ఒక్కటీ మిగల్దు."

ఆమెదీ పురుగులు మేపిన ఇల్లే. ఆ మాట నిజమని తెలుసు. వాచీ చూసుకుంది. గట్టు మీద అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసింది.

"మీ తమ్ముణ్ణే అడుగుదాం పదండి. ఆయన ఒప్పుకుంటే నేను సార్‌తో మాట్లాడతా."

"వద్దు!" రాయుడు దారికి అడ్డంగా నిలబడ్డాడు. "వానికి తెలిస్తే వాడే పీకేస్తాడు. వాని పెండ్లాం ఆంజినమ్మకూ నాకూ తప్ప ఇది ఎవురికీ తెల్దు."

"బాగుంది, ఆయమ్మను కూడా దొంగతనంలోకి దింపినారు!"

రాయుడు అవతలి షెడ్డు వైపే చూస్తున్నాడు, ఎవరైనా వస్తారేమోనన్నట్టు.

ఫోన్ మోగింది. "ఫొటో యాడమ్మా?" ఏఈ గొంతు.

"పంపుతాండా సార్."

ఆమె రాయుడి ముఖం చూడలేకపోయింది.

"షెడ్డు చుట్టూ తడి గోనెలు కట్టండి పెద్దాయనా. నేనూ చెయ్యేస్తా. కొన్నైనా దక్కుతాయి."

"ఆ పని నాతో కాదు తల్లీ."

ఇదేం మొండితనమనుకుంది. చేతితొడుగులు వేసుకుంది. హద్దురాయి పక్కన కూర్చుని కటింగ్ ప్లయరు బిగించి నొక్కింది.

వైరు తెగిపడింది, హనుమంతరాయుడి షెడ్డులో కూలర్లు తిరుగుతూనే ఉన్నాయి, అవతల ఈశ్వరప్ప షెడ్డులో చప్పుడు ఆగిపోయింది.