మంచం రెండో కొస

పెళ్లాం పోయిన మంచం ఇంట్లో ఉంటే ముసలాయనకి కన్ను మూతపడటం లేదు. చీకటి పడ్డాక, ఊరవతల పారేద్దామని బయటికి లాగాడు.

"ఒక చెయ్యి వెయ్యనా బాబాయ్?" పక్కింటి మేస్త్రీ గుమ్మంలోంచి అడిగాడు.

"ఆవిడ మంచాన పడ్డన్నాళ్లూ గడప తొక్కలేదు. ఇప్పుడు పుట్టుకొచ్చిందా జాలి? నీ పని చూసుకో."

ఒక కొస భుజానికెత్తుకుని నడిచాడు. రెండో కొస రోడ్డు మీద గరగరమని ఈడ్చుకుంటూ వస్తోంది. మలుపు దగ్గర ఆ చప్పుడు ఆగిపోయింది. బరువూ తగ్గింది.

"వద్దన్నానా? వదులు!" వెనక్కి చూడకుండానే కసిరాడు.

"సాయం దొరికిందిగా బాబాయ్, నేను పడుకుంటా," అన్న మేస్త్రీ గొంతు దూరంగా, వాళ్ల గుమ్మంలోంచే వినిపించింది. తలుపు గడియ పడింది.

ముసలాయన తన కొస వదిలేశాడు. మంచం కింద పడలేదు. మెల్లగా ఇంటివైపు తిరిగింది.