వెనుక వేసిన బరువు

బీచుపల్లి ఇంకో రెండు మైళ్లుందనగా, జమ్ములమ్మ టీ హోటల్ ముందు చెన్నయ్య మేస్త్రి జీపు ఆపాడు.

జీపు వెనుక తగిలించిన, చక్రాల మీద నడిచే ఇనుప రేకుల గది. బెంగుళూరు పనికి అతను తీసుకుపోతున్న తొమ్మిది మంది కూలీలు అందులోనే. నెలలు నిండుతున్న కోడలు గీత కూడా.

టీ అందుకోబోతే గుప్పున గుట్కా కంపు కొట్టింది.

ఎవడో జీపు వెనుక చేరాడు. వాడి చొక్కా ఉతికి రెండు ఎలక్షన్లు దాటి ఉంటాయి. జీపునూ గదినీ కలిపే కొక్కేన్ని పుండు పడ్డ కాలితో తొక్కి చూస్తున్నాడు.

"ఛీ, కాలు తియ్యిరా!"

"మేస్త్రీ, జొన్న బస్తాలు, నీళ్ల ట్యాంకు అన్నీ ఎనకకే ఏసినవేంది?"

"ఎడ్లబండి ఎన్నడన్న కట్టినవా? మెడ మీద బరువు పడొద్దని ఎనకకేస్తరు."

"జీపుకు మెడ నొయ్యదన్నా. ముందల బరువు లేకుంటే గది తోకలెక్క ఊగుతది. బరువు గూడ నీ జీపుకు మించింది."

"నా జీపు శ్రీశైలం గుట్టను గూడ గుంజుకొస్తది!"

"గుంజుతది. ఆపుతదా?"

చెన్నయ్య తుపుక్కున ఉమ్మేసి మొహం తిప్పుకున్నాడు.

గ్లాసు ఖాళీ అయ్యేసరికి చెప్పుల కిందికి నీళ్లొచ్చాయి.

ట్యాంకు నల్లా విప్పేశాడు వాడు! అయిదొందల లీటర్లు రోడ్డు పాలు. పైగా గదిలో దూరి, కూలీలు బిత్తరపోయి చూస్తుండగా, బస్తాలన్నీ ముందు మూలకు ఈడ్చేస్తున్నాడు.

చెన్నయ్య వాడి చెంప ఛెళ్లుమనిపించాడు.

వాడు ఆఖరి బస్తాను కూడా ముందుకు తోసి దిగిపోయాడు. చెన్నయ్య ఆ చేతిని మూడుసార్లు సబ్బుతో కడిగి, బస్తాలను అలాగే వదిలి జీపెక్కాడు.

హోటలు దాటగానే దిగుడు రోడ్డు. ముందు లారీ టక్కున ఆగింది.

చెన్నయ్య బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. వెనుక గది జీపును తోసింది. ఒక్కసారి ఊగింది. ఆగింది.

లారీకి, జీపుకు నడుమ జానెడు సందు.

"మామా, అందరం మంచిగనే ఉన్నం!" గీత గదిలోంచి కేకేసింది.

చెన్నయ్యకు తన చెయ్యి చూస్తేనే రోత పుట్టింది. హోటలుకు పరుగు తీశాడు.

"జమ్ములమ్మక్కా, గాయన ఏడి?"

"పోయిండు. రెండేండ్లసంది ఈడ ఆగిన బండి బండికి గిట్లనే చెప్తుండు. తిట్టినోళ్లున్నరు గని, చెయ్యి లేపినోడు లేడు. ఇగ రానన్నడు."

"ఎవరక్కా ఆయన?"

ఆమె గ్లాసు కడుగుతూనే చెప్పింది.

"నీ లెక్కనే మేస్త్రి. గీ దిగుట్లనే బండి బోల్తపడి ఆయన కూలోళ్లు పదకొండు మంది పోతే, జైలుకెంచి ఇడిసినంక ఊరికి పోలే, సీదా ఈడికే వచ్చిండు."