దిబ్బ కోసిన చోట

వేటకొడవలి కానిస్టేబుల్ పాండియన్ భుజంలో దిగింది. అతని కేక పీచుమిల్లు రేకుల కప్పు కింద మారుమోగింది. రక్తం ఖాకీ చొక్కాను మోచేతి దాకా తడిపేసింది. ఎస్సై రాజ్‌మోహన్ పిస్తోలు తీసేలోపే మదన్ కొడవలి లాక్కుని పీచు గుట్ట మీదుగా దూకాడు.

"నిల్లు డా! నిలబడకపోతే కాల్చేస్తా!"

మదన్ నిలబడలేదు. అడ్డమొచ్చిన మరో కానిస్టేబుల్ తల పట్టుకుని ఇనుప తలుపుకేసి మోదాడు. ముక్కు చితికి ఆ మనిషి అక్కడే కూలబడ్డాడు.

ఉడుమలైపేట పొలిమేరలో మూతపడిన ఈ కొబ్బరిపీచు మిల్లులో మదన్ దాక్కున్నాడని చెప్పింది చిన్నమ్మాళ్. దారి చూపించడానికి జీపులో వెంట వచ్చింది కూడా ఆవిడే. ఏం జరిగినా కిందికి దిగవద్దని రాజ్‌మోహన్ ఆవిడకు గట్టిగా చెప్పాడు.

వచ్చేటప్పుడు అతను ఇంటికి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడుతుంటే విని, "నువ్వు మనవాడివా సామీ?" అని అడిగింది.

"అవునమ్మా. మదురై మాది. ఇంట్లో తెలుగే."

అంతవరకూ తమిళంలో ముక్తసరిగా జవాబులిచ్చిన మనిషి, ఇంటి భాషలోకి వచ్చేసరికి కట్ట తెగినట్టు చెప్పుకుపోయింది.

కూతురు రంగనాయకిని తూత్తుకుడి దిగువన ఒక బెస్తల కుప్పంలో ఇచ్చింది. అల్లుడు కృష్ణన్‌ది చిన్న బడ్డీకొట్టు. ఊరు పల్లంలో ఉంది. ఊరికీ సముద్రానికీ నడుమ తాటిచెట్టంత ఇసుక దిబ్బ. దాని నిండా నేలను పట్టుకుని పాకే తీగలు, వాటికి ఊదారంగు పూలు. ఆ వేళ్ళే ఇసుకను గాలికి పోనీయకుండా ఆపేవి. ఇసుక తవ్వి అమ్ముకునే మదన్ యంత్రాలు ముందు ఆ తీగల్ని పెరికాయి. తర్వాత దిబ్బను నిలువునా కోశాయి. కృష్ణన్ యంత్రానికి అడ్డంగా పడుకుంటే మదన్ మనుషులు గడ్డపారతో అతని కాలు విరగ్గొట్టారు. కట్టు విప్పకముందే తుఫాను వచ్చింది.

"దిబ్బ మిగిలిన తావున అల తల కొట్టుకోని ఎనక్కి పోయినాది సామీ," అంది చిన్నమ్మాళ్. "లారీలకని వీళ్ళు కోసిన సందులో మాత్రం, తలుపు తీసిపెట్టినట్టు లోపలికి వచ్చేసినాది. అల్లుడు లేవలేడు. నా బిడ్డ ఆయన్ని ఇడిచిపెట్టి రాలేదు."

నీళ్ళు తీశాక సరుగుడు తోటలో ఇద్దరూ దొరికారు. రంగనాయకి పిడికిలిలో మొగుడి చొక్కా అలాగే ఉంది. వేళ్ళు విప్పడం ఎవరి తరమూ కాలేదు.

మదన్ ఎక్కడున్నాడో ఆవిడకెలా తెలిసిందని రాజ్‌మోహన్ అడగలేదు. కడుపు కాలిన తల్లి ఊరూరూ తిరిగి వెతికి ఉంటుందనుకున్నాడు.

ఇప్పుడు అతను పీచు గుట్ట దాటి పరిగెత్తేసరికి మదన్ వెనక తలుపు దగ్గర ఆగిపోయి ఉన్నాడు. గడపలో చిన్నమ్మాళ్ నిలబడి ఉంది.

రాజ్‌మోహన్ పిస్తోలు దించాడు. కాలిస్తే గుండు ఆవిడకూ తగలొచ్చు.

"తప్పుకోమ్మా! నరికేస్తాడు!"

ఆవిడ కదల్లేదు. మదన్ ఎత్తిన కొడవలి గాల్లో అలాగే ఆగిపోయింది.

"దారి ఇడువు," అన్నాడు బొంగురు గొంతుతో.

"నరుక్కోని పో."

"ఆ ఇల్లు దిబ్బకు శానా దూరం. నీళ్ళు ఆడిదాకా వొస్తాయని నాకేమి తెలుసు? తెలిసుంటే కోసేవాణ్ణా?"

"కృష్ణన్ కాలు?"

"ఆ పొద్దు నేను ఆడ లేను. నా మనుషులు చేసినారు."

చిన్నమ్మాళ్ వంగి, గోడవార పడి ఉన్న ఇనుప గొట్టం అందుకుంది. రెండు చేతులా ఎత్తి మదన్ మోకాలి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు రాజ్‌మోహన్‌కు వినిపించింది.

"అమ్మా!" అని మదన్ ఒరిగిపోయాడు.

రెండో దెబ్బకు మణికట్టు విరిగి కొడవలి జారింది. మూడోది తలకు గురిపెట్టి లేచింది. రాజ్‌మోహన్ దూకి ఆవిడ చేతులు పట్టుకున్నాడు.

"చాలమ్మా! చచ్చిపోతాడు!"

"చావనీ!" అని పెనుగులాడింది. అంత ముసలి ఒంట్లో అంత బలం ఎక్కడిదో అతనికి అర్థం కాలేదు. ఉన్నట్టుండి ఆ బలమంతా పోయింది. గొట్టం వదిలేసి గడప మీద చతికిలబడింది.

అంబులెన్సులో పాండియన్‌నూ, ముక్కు పగిలిన కానిస్టేబుల్‌నూ ముందు పంపారు. రెండోది వచ్చేవరకు మదన్ బేడీలతో నేల మీద మూలుగుతూ పడి ఉన్నాడు. అతన్ని స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే చిన్నమ్మాళ్ రెప్ప వేయకుండా చూసింది.

"ఆ కాలు బాగవుతాదా సామీ?"

రాజ్‌మోహన్ ఆశ్చర్యపోయాడు. "డాక్టర్లు చూస్తారు. వాడి కాలు గురించి మీకెందుకమ్మా?"

ఆవిడ చూపు స్ట్రెచర్ వెంటే పోయింది.

"మీరు లేకపోతే ఇవాళ మాలో ఒకరు పోయేవాళ్ళం," అన్నాడతను పక్కన కూర్చుంటూ. "కోర్టులో కూడా ధైర్యంగా చెప్పాలి. కూతురి ఇంటి సంగతీ, దిబ్బ సంగతీ, అన్నీ."

"చెప్తాను. దాచేదేముండాది?"

బండి తలుపు పడింది. సైరన్ మోత కొబ్బరితోటల్లోకి దూరమైంది. రాజ్‌మోహన్ లేచి చొక్కా దులుపుకున్నాడు.

"ఇంకొక్క సంగతి. అరెస్టు చేసినట్టు వాడి సొంతవాళ్ళకు చెప్పాలి, అది చట్టం. కేసు కాగితాల్లో వాడిదీ మీ ఊరే అని ఉంది. సొంతవాళ్ళెవరో మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎవరికి చెప్పమంటారు?"

చిన్నమ్మాళ్ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకే చెప్పు సామీ, వాణ్ణి కన్నది నేనే."