నలభై రెండు అడుగులు

"ఇక్కడితో అయిపోయిందా?" అంది గిరిజ.

చెక్క బాట చివర కుర్చీ చక్రాలు ఆగిపోయాయి. రెయిలింగ్‌కి కొట్టిన ఇత్తడి రేకు మీద బాట వేసిన సంవత్సరం ఉంది, 2003. ముందంతా ఇసుక. ఇసుక దాటాక మిషిగన్ సరస్సు. అవతలి ఒడ్డు కనిపించదు, సముద్రంలాగే అలలు విసురుతోంది. చక్రాల కుర్చీలో ఉన్న కూతురు అంకిత మెడకి పట్టీ ఉంది. కళ్ళు మాత్రం నీళ్ళ మీదే ఉన్నాయి.

"ఇంకా నలభై రెండు అడుగులుంది," అన్నాడు అంకిత తండ్రి శ్యామ్‌సుందర్.

మంగళవారం అంకితకి ఆపరేషన్. వెన్నులో గడ్డ. కాళ్ళు వేసవిలోనే మొద్దుబారాయి. ఆపరేషన్ తర్వాత చేతులకి స్పర్శ ఉంటుందో లేదో మాట ఇవ్వలేనని డాక్టర్ చెప్పింది. పదిహేనేళ్ళ పిల్ల ఆ రోజు ఏడవలేదు. చేతులు బాగున్నప్పుడే ఒక్కసారి అలని ముట్టుకుంటానని మాత్రం అడిగింది.

ర్యాంప్ ఉన్న వ్యాన్ అద్దెకి తీసుకుని తాముండే ట్రాయ్ నుంచి మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చారు. దారిలో రెండుసార్లు శ్యామ్‌సుందర్ వేరే బీచ్‌కి వెళదామన్నాడు. కుర్చీ వెళ్ళే బాట ఉందని వెబ్‌సైట్‌లో రాసింది దీని గురించే కదా అని గిరిజ ఒప్పుకోలేదు. ఏటా వేసవిలో తెలిసిన తెలుగువాళ్ళంతా పిక్నిక్‌కి ఇక్కడికే వచ్చేవారు. అతనికి మాత్రం ప్రతిసారీ సరిగ్గా ఆ రోజే ఆఫీస్‌లో ఏదో పని పడేది, ఇంట్లో ఎవరూ వెళ్ళేవారు కాదు.

వేసవిలో బాట చివరి నుంచి నీళ్ళ దాకా పొడవాటి ప్లాస్టిక్ చాప పరుస్తారని తెలిసి గిరిజ పార్క్ ఆఫీస్‌కి పరుగెత్తింది. సెప్టెంబర్ మొదటి సోమవారం దాటగానే దాన్ని చుట్టేసి ఊళ్ళో గోడౌన్‌కి పంపేస్తారట. తాళం చెవి ఉన్న మనిషి ఎల్లుండి, మంగళవారం గాని రాడట. ఆ మాట చెప్పిన ముసలావిడ ఊరికే ఉండలేక, నీలం టోపీ సర్దుకుంటూ తనూ వెంట వచ్చింది.

అంకితని ఎత్తుకుని తీసుకెళ్ళడానికి లేదు. వెన్ను ఏమాత్రం కదిలినా ప్రమాదమని, నేర్చిన నర్సులు తప్ప ఎవరూ కుర్చీలోంచి లేపొద్దని డాక్టర్ గట్టిగా చెప్పింది.

శ్యామ్‌సుందర్ వెళ్ళి వ్యాన్‌లోంచి నాలుగు ప్లైవుడ్ షీట్లు మోసుకొచ్చాడు.

"ఇవెప్పుడు కొన్నారు?"

"నిన్న."

"బాట ఇక్కడే ఆగిపోతుందని మీకెవరు చెప్పారండీ?"

"బీచ్ అంటే ఇసుక ఉంటుంది కదా," అన్నాడు ఆమె వైపు చూడకుండా.

షీట్లు పరిచి కుర్చీ ఎక్కించారు. కుర్చీ దాటిన షీట్ తీసి మళ్ళీ ముందు వేశారు. ఎనిమిది అడుగులు. పదహారు. గాలికి ఒక షీట్ లేచి గిరిజ మోచేయి చీరుకుపోయింది. ఆమె అటు చూసుకోలేదు.

"నేను హెవీయా అమ్మా?"

"కుర్చీ హెవీ. నువ్వు కాదు."

ఊపిరి తీసుకోవడానికి ఆగి గిరిజ భర్తని దెప్పిపొడిచింది. "కార్ల కంపెనీకి రాకముందు రోడ్లూ వంతెనలూ గీసేవారుగా. ఈ కాస్త దూరానికి ఒక్క ఉపాయం తోచట్లేదా?"

అతను మోకాళ్ళ మీద కూర్చుని అరచేతులతో ఇసుక చదును చేస్తూనే ఉన్నాడు.

ముప్పై రెండు అడుగుల దగ్గర తడి ఇసుక తగిలింది. షీట్ ఒక పక్కకి దిగబడింది. కుర్చీ ఒరిగింది. అంకిత నోట్లోంచి సన్నగా మూలుగు వచ్చింది. ముగ్గురూ కలిసి పట్టుకుని నిలబెట్టారు. ఇంక ఒక్క అడుగు కూడా వద్దని, ఇక్కడ పడితే అంబులెన్స్ కూడా రావడానికి దారి లేదని ముసలావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

పది అడుగుల అవతల అల విరిగి, నురగ వెనక్కి జారిపోయింది.

శ్యామ్‌సుందర్ మంచినీళ్ళ బాటిల్ ఖాళీ చేశాడు. "నేను పట్టుకొస్తానమ్మా. నీ చేతుల మీద పోస్తాను."

"వద్దు నాన్నా. బాటిల్‌లో వాటర్ ఇంట్లో కూడా ఉంది." నీళ్ళ వైపు చూస్తూ అంది, "వేవ్ అంటే అదే రావాలి కదా. నా దగ్గరికి."

పెద్ద అల ఏదైనా వస్తుందేమోనని అరగంట చూశారు. అంకిత రెండు చేతులూ ఒడిలో వెల్లకిలా పెట్టుకుని కూర్చుంది. నీళ్ళు రాలేదు.

మళ్ళీ అవే షీట్ల మీద వెనక్కి తీసుకొచ్చారు. ముసలావిడ ఫిర్యాదు కాగితం ఒకటి తెచ్చి ఇచ్చింది. బాట ఇంత దూరం తెచ్చి ఇక్కడెందుకు ఆపారని గిరిజ అడిగింది. మొదటి ప్లాన్‌లో బాట నీళ్ళ దాకా ఉండేదని ముసలావిడ చెప్పింది. ఖర్చు తగ్గించమంటే ఇంజినీరు ఎవరో చివర్లో అడ్డంగా ఒక గీత గీసేశాడట. ఇంత దూరం కుర్చీలో ఎవరొస్తారు, ఏడాదికి ఒకరో ఇద్దరో అన్నాడట.

"వాడింట్లో ఎవరికైనా ఇలా..." అని మొదలుపెట్టిన గిరిజ, కూతురి మొహం చూసి ఆపేసింది.

కాగితం తనే నింపుతానంది అంకిత. "ట్యూస్‌డే తర్వాత రాయలేనేమో కదా." అక్షరాలు వంకరగా పడుతున్నా ఒక్కో గడీ నింపుకుంటూ వచ్చింది. ఏం జరిగింది, ఎక్కడ జరిగింది, ఎంత దూరంలో ఆగిపోయారు. చివరి గడి దగ్గర ఆగింది. దీనికి బాధ్యులెవరో తెలిస్తే పేరు రాయమని ఉంది.

"ఇది మనకి తెలీదు. బ్లాంక్ వదిలెయ్యనా నాన్నా?"

శ్యామ్‌సుందర్ ఆమె చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. అతని అరచేతులకి ఇంకా తడి ఇసుక అంటుకుని ఉంది.

ఆ గడిలో తన పేరు రాశాడు.