మాటల్లేని ఇంట్లో క్రికెట్

"పరిగెత్తు మే!" అని అరిచాడు చిన్నబాబు. ఇద్దరూ ఒకే జట్టుగా ఆడే వీడియో క్రికెట్‌లో అతనొక బ్యాట్స్‌మన్, భార్య ధనలక్ష్మి ఇంకొకరు. ఆమె కదల్లేదు. అతను రనౌటయ్యాడు.

"నీకీ ఆట ఈ జన్మలో రాదు."

సముద్రంలో చేపల వేట నిషేధం కాబట్టి చిన్నబాబు పడవ ఒడ్డునే ఉంది. ఇంట్లో అత్తాకోడళ్లకు మాటల్లేవు. ఒకరు వండింది ఇంకొకరు ముట్టరు. పడవ మీద వండటం అలవాటే గనక, నలభై రోజులుగా వంట చిన్నబాబుదే.

మళ్ళీ మొదలుపెట్టారు. బంతి బౌండరీ వైపు దొర్లింది.

"రెండోది ఉండాది, ఉరుకు ధనం!" గుమ్మంలో నుంచి అతని తల్లి ముత్యాలమ్మ కేకేసింది. ధనలక్ష్మి చటుక్కున రెండో పరుగు తీసింది.

చిన్నబాబు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆటలో రికార్డులు తెరిచాడు. అన్నిటికంటే పైన ఉన్న జోడీ: అత్త, ధనం. రెండొందల పన్నెండు, నాటౌట్.

"మీకు మాటల్లేవు గదా?"

"నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు లేవు," అంది ధనలక్ష్మి.

ముత్యాలమ్మ వచ్చి కోడలి పక్కన చతికిలబడి, కొడుకు చేతిలోని జాయ్‌స్టిక్ లాక్కుంది.

"పులుసు అడుగంటతా ఉండాది. పో నాయనా."