పదకొండుకీ మూడుకీ

"ఏడుసార్లు చేసినానమ్మా. ఏడుసార్లు."

ఆనంద్‌రాజ్ తిరువళ్ళూరులో పని ముగించుకుని రైల్లో తిరుత్తణికి వచ్చి, భుజాన సంచి కూడా దించకుండా తల్లి ముందు గొంతుక్కూర్చుని ఫోను చూపించాడు. "బిడ్డ లేచిందా, పాలు తాగిందా, ఏమీ తెలీదు. నువ్వు ఎత్తితే కదా."

పచ్చయమ్మ కొడుకు మొహం మీద నుంచి చూపు తిప్పలేదు. ముప్పై ఏళ్ళు ఇంటి పక్కనే ఉన్న సొంత పవర్‌లూం షెడ్డులో పనిచేసిన మనిషి. ఎదుటివాళ్ళ మొహంలోకి గుచ్చి చూడడం, నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినపడేలా మాట్లాడడం ఆ షెడ్డు అంటించిన అలవాట్లే.

"ఎట్ట ఎత్తేదిరా? నువ్వు షెడ్డులో పెట్టిన పిలకాయలు చేసే సత్తానికి ఫోను యాడ వినపడతాది? గోడ అదురుతాది. గలాసులు నడుచుకుంటా అలమార అంచుకొచ్చి నిలబడతాయి. నేను గలాసులు పట్టుకునేదా, ఫోను పట్టుకునేదా?"

మగ్గాలు అమ్మేశాక ఖాళీగా పడి ఉన్న షెడ్డును ఆనంద్‌రాజే గోకుల్‌కు అద్దెకిచ్చాడు. గోకుల్ కనకమ్మ సత్రం అనే ఊరివాడు. ఇంకో ముగ్గురితో కలిసి హార్డ్ రాక్ బ్యాండ్ పెట్టి, మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడా పేరు మీద దానికి 'ఇనుప నాడా' అని పేరు పెట్టుకున్నాడు. వచ్చే ఆదివారం ఆ షెడ్డులోనే కచేరీ చేసి, జనం కేకలతో సహా రికార్డు చేసి లైవ్ ఆల్బం తెస్తారట. అందుకని పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి వాయించిందే వాయిస్తున్నారు.

"అత్తా, పాపకు మధ్యాహ్నం పప్పన్నం పెట్టినావా?" వంటింట్లోంచి కోడలు సుగంధి అడిగింది.

పచ్చయమ్మ పలకలేదు.

"చూసినావా? అప్పుడే అలక." సుగంధి బయటికి వచ్చి అత్త ఎదురుగా నిలబడింది. "నువ్వు అలిగినా సరే, చెప్పేది చెప్తాను. ఫోను ఎత్తకుంటే ఆఫీసులో నాకు చెయ్యి ఆడదు. ఇట్టయితే యశశ్వినిని శోళవరంలో మా అమ్మ దగ్గర వదిలేస్తాము. నువ్వు నెలకోసారి పోయి చూసుకో."

ఈ గుమ్మం దాటినవాళ్ళు మళ్ళీ వస్తారంటే పచ్చయమ్మకు నమ్మకం లేదు. మగ్గాలు లారీ ఎక్కిన రోజు, కొత్తవి కొందాంలే అన్నాడు మొగుడు. ఆ ఏడే ఆయనా పోయాడు.

చీర ఉయ్యాలలో యశశ్విని నిద్రపోతోంది. ఉయ్యాలకు కట్టిన నూలుతాడు కొన ఎప్పటిలాగే పచ్చయమ్మ కాలి బొటనవేలికి చుట్టి ఉంది. పని చేసుకుంటూనే ఊపొచ్చని అలా కట్టుకుంటుంది. తాడు చిన్నగా లాగింది. అంతే, కొడుకూ కోడలూ తల తిప్పేలోపే ఆమె లేచి బిడ్డను ఎత్తుకుంది.

"బిడ్డను పంపడమెందుకు, ఆ గోకుల్‌నే ఖాళీ చెయ్యమంటాను," అని ఆనంద్‌రాజ్ షెడ్డువైపు నడిచాడు. పచ్చయమ్మ బిడ్డను చంకనేసుకుని వెంటపడింది.

"వద్దురా. పాపం, కచేరీ పెట్టుకున్నారు."

"రోజూ వాళ్ళను తిట్టేది నువ్వే కదమ్మా?"

"తిడతాను. తిట్టేదానికైనా ఉండనీ."

ఆనంద్‌రాజ్ తల పట్టుకున్నాడు. సంగతి విని గోకుల్ గిటారు పక్కన పెట్టాడు. "అన్నా, మీరు ఫోను చేసే టైం చెప్పండి. అప్పుడు పది నిమిషాలు ఆపేస్తాము."

"పదకొండుకీ మూడుకీ," అంది వెనకాలే వచ్చిన సుగంధి.

"ఉత్త ఫోను నాకొద్దు," అంది పచ్చయమ్మ. "మొగం కనపడేట్టు చెయ్యండి. బిడ్డ మిమ్మల్ని చూడొద్దా?"

మరునాటి నుంచి సరిగ్గా పదకొండుకు గోడ అదరడం ఆగేది. పచ్చయమ్మ ఫోను చేతిలోకి తీసుకుని, తెర వెలగగానే నొక్కేది. వారంలో ఒక్క కాల్ తప్పలేదు.

"మనసుంటే ఎత్తగలదు, చూడు," అని సుగంధి మొగుడి దగ్గర సణిగింది.

ఆదివారం బిడ్డను పక్కింట్లో పడుకోబెట్టి ముగ్గురూ కచేరీకి వెళ్ళారు. షెడ్డు కిక్కిరిసిపోయింది. గోకుల్ గిటారు మీటగానే ఎదురింటి మునెయ్య లేచి వెళ్ళిపోయాడు. సుగంధి చెవుల్లో వేళ్ళు పెట్టుకుంది. ఆమెను చూసి పచ్చయమ్మా పెట్టుకుంది. చెప్పులు మాత్రం విప్పేసింది. కింద సిమెంటు నేల, వెనకటి మగ్గాలన్నీ తిరిగొచ్చి ఆడుతున్నట్టు అరికాళ్ళలో ఆడింది. ముసలామె కళ్ళు తుడుచుకుంది.

పది రోజులకు గోకుల్ ఇంటికి వచ్చాడు. "ఆల్బం తయారైంది అవ్వా. మొదట నువ్వే వినాల."

"అయితే ఇంక తాళంచెవి ఇచ్చెయ్యి తమ్ముడూ," అన్నాడు ఆనంద్‌రాజ్. "మా అమ్మ పోరు పడలేను."

"ఇంక సత్తం ఉండదు," సుగంధి అత్తవైపు తిరిగింది. "మాకు వీలైనప్పుడు చేస్తాము. అప్పుడూ ఎత్తలేదంటే శోళవరమే."

గోకుల్ పచ్చయమ్మ చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించి, తల వంచి ఫోను మీద వేలు ఆడించాడు. కొడుకూ కోడలూ ఆమె మొహంలోకే చూస్తున్నారు. పచ్చయమ్మ కళ్ళు చిట్లించింది.

"అబ్బబ్బా, చెవులు చిల్లులు పడతాయి నాయనా. తగ్గించు."

గోకుల్ తలెత్తాడు. ఆమె మొహం చూశాడు. కాలి బొటనవేలికున్న తాడు చూశాడు, ఆ తాడు వెంబడి ఉయ్యాల దాకా చూశాడు.

"తగ్గించినాను అవ్వా," అన్నాడు. తర్వాత ఆనంద్‌రాజ్‌తో, "షెడ్డు వదలము అన్నా. ఇంకో ఆల్బం ఉంది. పదకొండుకీ మూడుకీ ఎప్పటిలాగే ఆపుతాము. వేరే టైములో మాత్రం చెయ్యొద్దండి, ఫోను వినపడదు."

"ఇంకోటా?" ఆనంద్‌రాజ్ నెత్తి కొట్టుకున్నాడు.

అవ్వ తగ్గించమన్నప్పటికి గోకుల్ ఇంకా పాట పెట్టనే లేదు.