చెల్లెలి వేలిముద్ర

ఏం బావగారూ, ఇల్లు అమ్ముతున్నారట! కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయని మీసం తిప్పుతున్నారా? తిప్పండి, తిప్పండి. నిన్న పొద్దున పదిన్నర దాకా సిద్దిపేటలో కిరాణం దుకాణం రత్నాకర్ కూడా అలాగే తిప్పాడు.

పదిన్నరకు రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో, కొనేవాళ్ళ వకీలు జ్ఞానేశ్వరి ఫైలు మూసి ఒక్కమాట అడిగింది.

"రత్నాకర్ గారూ, మీ చెల్లె వచ్చిందా?"

"వస్తున్నది మేడం. తొవ్వల ఉన్నది."

అన్నాడే గానీ, మీసం మీది చెయ్యి చెమట తుడుచుకోవడానికి నుదుటి మీదికి పోయింది.

ఇల్లు చనిపోయిన తండ్రి పేరున ఉంది. తండ్రికి కోహెడలో రెండో సంసారం ఉండేది. అక్కడ పుట్టిన కూతురు రోజారాణి. వారసుల సర్టిఫికెట్లో ఆమె పేరు కూడా ఎక్కింది. ఆమె వచ్చి సంతకం పెట్టనిదే ఇల్లు కొనవద్దని వకీలు తన పార్టీకి గట్టిగా చెప్పింది. రత్నాకర్ ఆ చెల్లెలి ముఖం ఎన్నడూ చూడలేదు. చూస్తే వాటా అడుగుతుందని భయం. అందుకే బ్రోకర్ ఉప్పలయ్యను పట్టుకున్నాడు. "ఎవలో ఒక ఆడమనిషిని తీస్కరా. నేనే రోజారాణినని సంతకం పెట్టి పోవాలె, అంతే" అన్నాడు.

ఆటో ఆగింది. ఉప్పలయ్య దిగాడు. వెనకాలే ముప్పై అయిదేళ్ళ మనిషి దిగింది. నీలం చీర, భుజాన గుడ్డసంచి. రత్నాకర్ ఆమెను గబగబా స్కూటర్ల చాటుకు తీసుకుపోయాడు.

"నీ పేరేంది?"

"రోజారాణి."

"శభాష్. బాపు పేరు?"

"రాజమల్లయ్య."

"నేను నీకేమైత?"

ఆమె అతని ముఖం కేసి కాసేపు చూసింది. కళ్ళు చెమర్చాయి. "అన్నవు" అంది.

"గా కండ్లనీళ్ళెందుకు మళ్ళ? ఎక్కువ యాక్టింగ్ జెయ్యకు, దొరికిపోతం!"

వకీలు ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత రత్నాకర్ నేర్పని ప్రశ్న ఒకటి వేసింది.

"ఏమ్మా, మీ బాపు కోహెడకు వస్తుండెనా?"

రత్నాకర్ గబుక్కున ఉప్పలయ్య వైపు తిరిగాడు.

"వారం అంగడి నాడు వస్తుండె మేడం. జేబుల పల్లిపట్టీ తెస్తుండె. సగం నీకు, సగం సిద్దిపేటల మీ అన్నకు అంటుండె. అన్నను ఒక్కసారి చూపియ్యి బాపూ అంటె మాత్రం తల దించుకొని బస్సెక్కుతుండె."

 రత్నాకర్ ఉప్పలయ్య చెవిలో గుసగుసలాడాడు.

"ఏడ పట్టినవ్‌రా గీమెను? మస్తు అల్లుతున్నది!"

"నీకెందుకే సేటూ, నీ పని అయితున్నదా లేదా?"

లోపలికి పిలిచారు. కంప్యూటర్ ముందున్న ఆపరేటర్ చిన్న మిషన్‌ను ఆమె ముందుకు జరిపాడు.

"ఆధార్ నంబర్ చెప్పి, వేలు గీడ పెట్టమ్మా."

రత్నాకర్ అడ్డం వచ్చాడు. "ఒక్క సంతకమే గద సార్! వేలెందుకు?"

"నేనే అడిగిన" అంది జ్ఞానేశ్వరి. "మొన్నొక కేసుల చెల్లె బదులు మరదలిని తెచ్చి సంతకం పెట్టిచ్చిన్రు. ఇప్పుడు ఇద్దరూ జైల్ల ఉన్నరు."

ఏసీ గదిలో కూడా రత్నాకర్ చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఉప్పలయ్యను గిల్లాడు. "కడుపునొప్పి అని బయటికి పొమ్మను! పొమ్మనురా!"

"కడుపునొప్పి నీకే వచ్చినట్టున్నది సేటూ, జర గా కుర్చీల కూసో."

ఆమె బొటనవేలు కొంగుకు తుడుచుకొని మిషన్ మీద పెట్టింది. ఎర్రలైటు వెలిగింది.

"వస్తలేదు" అన్నాడు ఆపరేటర్.

రత్నాకర్ కళ్ళు మూసుకున్నాడు. దుకాణం, భార్య, బేడీలు, రేపటి పేపర్లో తన ఫోటో అన్నీ ఒక్కసారే కనిపించాయి.

"పత్తి ఏరే వేళ్ళు సార్, గీతలు అరిగినయ్" అందామె. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్రలైటే. వకీలు కుర్చీ ముందుకు జరుపుకుంది. రత్నాకర్ తలుపు ఎంత దూరం ఉందో చూసుకున్నాడు.

మూడోసారికి మిషన్ కుయ్యిమంది. పచ్చలైటు!

"రోజారాణి, తండ్రి రాజమల్లయ్య, కోహెడ. ఫోటో గూడ కలిసింది" అన్నాడు ఆపరేటర్.

రత్నాకర్‌కు పోయిన ప్రాణం లేచి వచ్చింది. సర్కారు మిషన్‌నే బోల్తా కొట్టించిన ఈ ఉప్పలయ్యకు దండ వెయ్యాలనుకున్నాడు. వకీలు కాగితం జరిపి, పెన్ను అందించింది. ఆమె పెన్ను తీసుకుంది గానీ సంతకం పెట్టలేదు.

"మేడం, గీ ఇంట్ల నా వాటా ఎంతయితదో గది ముందుగాల రాయిన్రి. గప్పుడు పెడ్త."

రత్నాకర్ ఉప్పలయ్య కాలర్ పట్టుకొని మూలకు లాక్కుపోయాడు.

"కిరాయికి వచ్చిన మనిషి వాటా అడుగుడేందిరా? మిషన్‌నే మోసం జేసే దొంగను తెచ్చి నా నెత్తిన పెడ్తవా?"

ఉప్పలయ్య మెల్లగా కాలర్ విడిపించుకున్నాడు.

"మిషన్‌ను ఎవలు మోసం జేసిన్రు సేటూ? దొంగ చెల్లెను తెస్తె నేను గూడ జైలుకు పోతనని, కోహెడకు పోయి మీ అసలు చెల్లెనే తోల్కొచ్చిన!"